రిమోట్ వ్యూయింగ్: ప్రైస్ ప్రయోగంలో 9కి 7 కలిశాయి, మరి లీకు ఎక్కడ?

సాగరతీరం:
1974 అక్టోబరు నేచర్ పత్రికలో రస్సెల్ టార్గ్, హెరాల్డ్ పుథాఫ్ వేసిన పేపర్ గురించి అడుగుతున్నాను. రిమోట్ వ్యూయింగ్ అంటే, దూరంగా కంటికి కనబడని చోటును మనసుతోనే చూసి చెప్పగలమనడం. ఇద్దరూ లేజర్ భౌతిక శాస్త్రవేత్తలు. సీఐఏ డబ్బుతో కాలిఫోర్నియా మెన్లో పార్క్‌లోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (ఎస్ఆర్ఐ)లో చేసిన పని ఇది. అలా చూడగలనని చెప్పుకున్న పాట్ ప్రైస్ గదిలో కూర్చుంటాడు. ఇంకో బృందం సీలు కవరు తీసుకుని, అందులో రాసి ఉన్న చోటికి కారులో వెళ్లి నిలబడుతుంది. ఆ చోటు ఎలా ఉందో ప్రైస్ చెబుతుంటే టేపు మీదికి ఎక్కించి, ఆ మాటలను కాగితం మీద రాస్తారు (ట్రాన్‌స్క్రిప్ట్). ఇలా 9 చోట్లు. తర్వాత జడ్జి ఆ చోట్లన్నీ తిరిగి, ఏ ట్రాన్‌స్క్రిప్ట్ దేనిదో జత కలపాలి. 7 సరిగ్గా కలిశాయి. గుడ్డిగా కలిపితే సగటున 1 కలుస్తుంది. ప్రైస్ పక్కన కూర్చున్న మనిషికి కూడా టార్గెట్, అంటే బృందం వెళ్లిన చోటు, తెలియదు. మరి లోపం ఎక్కడుంది? మళ్లీ ఇదే పరీక్ష పెడితే ఏయే దారులు మూయాలి?

గట్టుమీదిచెట్టు:
కవర్ల దగ్గర వెతికితే దొరకదండి, లీకు జడ్జి బల్ల మీదుంది. న్యూజిలాండ్ సైకాలజిస్టులు డేవిడ్ మార్క్స్, రిచర్డ్ కామన్ 1978లో అదే నేచర్‌లో బయటపెట్టారు. గదిలో నడిచిన మాటలను కత్తిరించకుండా జడ్జికి ఇచ్చారు. ఒక దాంట్లో, ఇప్పటికే మూడు విజయాలు చేతిలో ఉన్నాయి కదా అని ప్రైస్‌కు ధైర్యం చెప్పిన మాట ఉంది. అంటే అది నాలుగోది. ముందురోజు చూసిన చోటి ప్రస్తావనలూ ఉన్నాయి. జడ్జికిచ్చిన చోట్ల జాబితా చూస్తే, బృందం వెళ్లిన వరుసలోనే ఉంది! వర్ణన చదవనక్కర్లేదు, వరుస కలిపితే చాలు. మార్క్స్ ఆ చోట్లకు వెళ్లకుండానే, ఈ ఆనవాళ్లతోనే జతలు కలిపి చూపించాడు.

రెండో దారి కూడా ఉంది. రింకొనాడా పార్కు ఈతకొలనుల ప్రయత్నం చూడండి. గుండ్రటి కొలను 120 అడుగులన్నాడు ప్రైస్, అసలుది 110. రెండోది 60కి 89 అన్నాడు, అసలుది 75కి 100. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆయన చెప్పింది ఈతకొలను అని కాదు, నీటిశుద్ధి కేంద్రం అని. అక్కడ లేని ట్యాంకులు కూడా గీశాడు. ఒకప్పుడు అక్కడ నీటి ప్లాంటు ఉండేదని ఏళ్ల తర్వాత టార్గ్ దాన్నీ లెక్కలో వేసుకున్నాడు. మార్కులు వేసే పద్ధతిని ఫలితం చూశాక మార్చుకునే వీలుంటే ఏ వర్ణనైనా పాసవుతుంది. నా మటుకు ఇదే పెద్ద జబ్బు.

లెక్కలపంతులు:
మళ్లీ చేయాలనుకుంటే చోట్లు తిరగడం మానేసి ఫొటోలు వాడండి. 100 ఫొటోలు తీసుకుని ఐదేసి చొప్పున 20 సెట్లు చేయండి. ఒక సెట్‌లోని ఐదూ ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి. వర్ణనకు ఏది ఎంత దగ్గరో చూసి జడ్జి ఆ ఐదింటికీ ర్యాంకులు వేస్తాడు; రెండింట్లో నీళ్లుంటే ఆ ర్యాంకులకు అర్థం ఉండదు. ప్రతి సెట్‌కూ రెండు కాపీలు తప్పనిసరి: ఒకటి టార్గెట్‌కు, ఒకటి జడ్జికి. ఒకే కాపీ అయితే బయటికి తీసి పట్టుకున్న ఫొటో అంచు నలిగి, అదే ఆనవాలైపోతుంది. ఐదింటిలో ఏదో పాచిక వేసి తేల్చాలి, 6 పడితే మళ్లీ వేయాలి. పాచిక వేసినవాళ్లు సెషన్ అయ్యేదాకా వ్యూయర్‌కు, పక్కనున్నవాళ్లకు ఎదురుపడకూడదు.

ట్రాన్‌స్క్రిప్ట్ మీద తేదీ, వరుస నంబరు ఉండకూడదు. టార్గెట్ తెలియని మూడో మనిషి చదివి "నిన్న", "ఇందాక" లాంటివి కొట్టేయాలి. జడ్జి మొదటి ర్యాంకు ఇచ్చింది అసలు టార్గెట్ అయితేనే హిట్. 20 సెషన్లలో యాదృచ్ఛికంగా 4 రావాలి. 8 లేదా అంతకంటే ఎక్కువ రావడం నూటికి 3 సార్లు జరిగేదే, 9 లేదా అంతకంటే ఎక్కువైతే నూటికి 1. సెషన్లు ఎన్నో ముందే కాగితం మీద రాసి పెట్టండి. బాగా వస్తున్నాయని 12 దగ్గర ఆపితే ఈ అంకెలు చెల్లవు. ప్రాక్టీసుకు చేసినవి కలపకండి.

సాగరతీరం:
ఆనవాళ్లు తీసేసి మళ్లీ జడ్జ్ చేయించినా 7 వచ్చాయని 1980లో సైకాలజిస్టు చార్లెస్ టార్ట్ నేచర్‌లోనే చూపించాడు కదా?

గట్టుమీదిచెట్టు:
చూపించారు, దాన్ని దాటవేయకూడదు. అయితే తీసేశామన్న వాటిలో ఇంకా ఆనవాళ్లు మిగిలాయని 1986లో మార్క్స్, క్రిస్టఫర్ స్కాట్ రాశారు. ఒకసారి కలుషితమైన డేటాను కడిగి వాడుకోవడం కష్టం. కొత్తగా తీసుకోవడమే దారి.

రాడార్‌గది:
అమెరికా సైన్యం నడిపిన రిమోట్ వ్యూయింగ్ కార్యక్రమం సంగతి కూడా చెప్పాలి. మేరీలాండ్ ఫోర్ట్ మీడ్‌లో 1978 నుంచి గ్రిల్ ఫ్లేమ్, సెంటర్ లేన్, సన్ స్ట్రీక్, చివరికి స్టార్ గేట్ అని పేర్లు మారుతూ 1995 దాకా నడిచింది. మొత్తం ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లు. ఎస్ఆర్ఐ ప్రయోగాల్లో పాల్గొన్న ఇంగో స్వాన్ పద్ధతిలో టార్గెట్ అక్షాంశ రేఖాంశాలు చదవగానే వ్యూయర్ ఒక గీత గీయాలి, తర్వాత రంగు, గరుకుదనం, వాసన, వేడి, ఆ తర్వాత కొలతలు. "ఇది ఫలానా వంతెన" అని మనసు పేరు పెట్టేస్తే దాన్ని పక్కన రాసి కొట్టేయాలి. కానీ అక్షాంశాలే చల్లటి దేశమో ఎడారో చెప్పేస్తాయి, అందుకే తర్వాత అర్థంలేని అంకెలకు మారారు.

ల్యాబులో టార్గెట్‌కు తోడుగా నాలుగు డెకాయ్ (టార్గెట్ కాని) ఫొటోలుంటాయి, నిజమైన గూఢచర్యంలో ఉండవు. వచ్చిన పది మాటల్లో ఏ రెండు నిజమో విశ్లేషకుడికి ముందుగా తెలిసే దారి లేదు. సీఐఏ చేయించిన 1995 సమీక్షలో గణాంక శాస్త్రవేత్త జెస్సికా అట్స్ ల్యాబు గణాంకాలు నిలబడతాయన్నారు. సైకాలజిస్టు రే హైమన్ ఒప్పుకోలేదు, చివరి ప్రయోగాల్లో జడ్జి ఒక్కరే, అదీ ప్రయోగాలు నడిపిన ఎడ్విన్ మేయే కదా అని ఎత్తిచూపారు. గూఢచర్యానికి మాత్రం అందులోంచి పనికొచ్చే సమాచారం రాలేదని సమీక్ష తేల్చింది.