లెవెలింగ్ ఆన్ చేస్తే బిట్లు పోతయా?

పాలమూరు శ్రోత:
స్ట్రీమింగ్ యాప్‌ల వాల్యూమ్ లెవెలింగ్ (అన్ని పాటల సౌండ్‌ను ఒకే మట్టానికి తెచ్చే సెట్టింగ్) ఆన్ ఉంచి 24 బిట్ పాటలకు పైసలు కడితే ఫాయిదా ఏంది? స్పాటిఫై మామూలు సెట్టింగ్‌ల పాటలను -14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (పాట ఎంత గట్టిగ వినపడుతదో చెప్పే కొలత, సున్నాకు దగ్గరైన కొద్ది గట్టి) తెస్తది. ఆపిల్ సౌండ్ చెక్ అయితే -16కు. గట్టిగ మాస్టర్ చేసిన సినిమా పాట -6 కాడ ఉన్నదనుకోండ్రి, 8 డీబీ కోత పడుతది. బిట్టు అంటే పాట శాంపిల్‌ను రాసే అంకెల ఒక స్థానం, ఒక్కదానికి 6.02 డీబీ. అంటే 1.33 బిట్లు పోయినట్టే. నేనైతే ఆఫ్ చేయమనే అంట. ఫైల్ ఎట్లున్నదో అట్లనే డాక్‌కు (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గ మార్చే పరికరం) పోవాలె.

మిర్యాలగూడ ఆంప్:
అన్నా, లెక్క సరైందే. గని పోయే బిట్లు ఎక్కడివి? 16 బిట్ పాటను 24 బిట్ ఔట్‌పుట్‌ల పంపితే కింద 8 బిట్లు ఖాళీ, అంటే 48 డీబీ జాగ. 8 డీబీ తగ్గిస్తే పాట ఆ ఖాళీలకు జరుగుతది, వినపడేదేదీ తెగిపోదు. 24 బిట్ పాటకు అడుగు బిట్లు నిజంగనే పోతయ్. అయితే 24 బిట్ల పరిధి కాగితం మీద 144 డీబీ, మంచి డాక్‌లు కూడ 120 చుట్టుపక్కలనే ఆగుతయ్. అది 20 బిట్ల లెక్క. మీరు పోయినయంటున్న బిట్లు డాక్ సొంత నాయిస్ కిందనే మునిగి ఉన్నయ్.

దేవరకొండ మిక్సర్:
ఔట్‌పుట్ 16 బిట్ ఉంటే సంగతి వేరే. తగ్గించిన పాటను మళ్ల 16 బిట్ల ఇరికిస్తే మిగిలిన భిన్నాలు కోసేయాలె. డిథర్ (కోసే ముందల కావాలని కలిపే సన్న నాయిస్) లేకుండ కోస్తే ఆ తప్పు పాటను అంటిపెట్టుకొని వక్రీకరణ అయితది. తంబూర నాదం సన్నగిల్లే చోట గరుకు పుట్టేది దీనితోనే. డిథర్ వేస్తే అది నిలకడైన సన్న నాయిస్‌గ మారుతది.

విండోస్‌ల చూసుకునే తీరు: రన్‌ల ఎంఎంఎస్‌వైఎస్ డాట్ సీపీఎల్ కొట్టి, ప్లేబ్యాక్‌ల మీ డాక్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌ల 24 బిట్ పెట్టుండ్రి. చాలమంది దగ్గర ఇది 16 మీదనే ఉండిపోతది.

నమ్మకం లేకపోతే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌ల కొలుసుకోవచ్చు. పాటను 8 డీబీ తగ్గించి 24 బిట్ వేవ్‌గ ఎక్స్‌పోర్ట్ చేయండ్రి. దాన్ని తిరిగి తెచ్చి 8 డీబీ పెంచి, ఇన్వర్ట్ చేసి, అసలు పాటతోటి కలపండ్రి. మిగిలేది పీక్ -136 డీబీ దగ్గర. అదే పని 16 బిట్‌తోటి చేస్తే -88 దగ్గర. ముందుగాల ప్రిఫరెన్సెస్‌ల డిథర్ 'నన్' చేయాలె, లేకపోతే ఈ అంకెలు రావు. మీటర్ రేంజి గూడ -145 దాకా పెట్టాలె, మామూలు రేంజిల ఏదీ కనపడదు.

వనపర్తి బీటీ:
బ్లూటూత్‌ల వినేటోళ్లకు ఈ చర్చ అక్కర లేదు. ఎస్‌బీసీ, ఏఏసీ రెండూ డేటాను కోసే కోడెక్‌లే (పాటను కుదించి పంపే పద్ధతులు). అక్కడ పోయేదాని ముందల ఒకటింబావు బిట్టు లెక్కకు రాదు.

పాలమూరు శ్రోత:
బిట్లు నాయిస్ కింద ఉన్నయన్న మాట ఒప్పుకుంట. గని డాక్ నాయిస్ ఉన్న చోటనే ఉంటది, పాట మాత్రం 8 డీబీ కిందికి దిగింది. 120 కాస్తా 112 అయింది. ఆంప్ నాబ్ పెంచితే నాయిస్ గూడ పెరుగుతది. ఇంక డీఎస్‌డీని (ఒక్క బిట్ ఆడియో ఫార్మాట్) డాప్‌ల (గుర్తు బిట్లు పెట్టి, మామూలు డిజిటల్ ఆడియో అయిన పీసీఎం వేషంల పంపే తీరు) పంపేటోళ్లు లెవెలింగ్ అసలే ముట్టుకోవద్దు. ఆ గుర్తు బిట్లు ఒక్కటి మారినా డాక్ దాన్ని పీసీఎం అనుకుంటది, స్పీకర్ల నుంచి నాయిస్ తప్ప పాట రాదు.

మిర్యాలగూడ ఆంప్:
డాప్ సంగతి ముమ్మాటికీ నిజం. 112 గూడ నిజమే, గని ఫ్యాన్ తిరిగే గదిల ఆ తేడా వినపడదు. దానికన్న పెద్ద నష్టం లెవెలింగ్‌తోటి పాటు యాప్ వాల్యూమ్ సగానికి దించుకోవడం. 8కి ఇంకో 30 కలిసిందనుకోండ్రి, 38 డీబీ, అంటే 6 బిట్ల పైననే. యాప్, కంప్యూటర్ రెండూ ఫుల్ పెట్టి, ఆంప్ నాబ్ తోటి తగ్గించుకోండ్రి.

తగ్గింపుతోటి లాభం గూడ ఉన్నది. సున్నాను (డిజిటల్‌ల అన్నిటికన్న పై మట్టం) తాకేటట్టు మాస్టర్ చేసిన పాటల శాంపిళ్ల నడుమ శిఖరాలు సున్నా దాటుతయ్, డాక్‌ల అవి చిట్లుతయ్. 8 డీబీ దించితే వాటికి ఊపిరాడుతది.

నేను భయపడేది పెంపుకు. మెల్లగ రికార్డ్ చేసిన ఒగ్గు కథ -22 కాడ ఉంటే -14కు 8 డీబీ ఎక్కియ్యాలె. డోలు దెబ్బ శిఖరం ముందే -3 డీబీ కాడ ఉంటే అంత జాగ లేదు. అందుకే స్పాటిఫై మామూలు సెట్టింగ్‌ల 1 డీబీ జాగ ఒదిలి ఆపేస్తది. 'లౌడ్' పెడితే మాత్రం శిఖరాలను అణిచే లిమిటర్ వస్తది, దెబ్బ మొన మొండిబారుతది. బిట్లు అన్నీ ఉన్నా డోలు చచ్చిపోతది. 'లౌడ్' వద్దే వద్దు.

దేవరకొండ మిక్సర్:
ఇంకొకటి. కథ ముక్కలు ముక్కలుగ అప్‌లోడ్ అయి ఉంటే ఆల్బమ్ గెయిన్ (ఆల్బమ్ మొత్తానికి ఒకటే పెంపు లేదా తగ్గింపు) వాడండ్రి. ట్రాక్ గెయిన్‌తోటి మెల్లగ చెప్పే ముక్క, డోలు ముక్క ఒకే మట్టానికి వచ్చి కథ ఎత్తుపల్లాలు పోతయ్. ఫూబార్ ప్లేయర్‌ల అయితే రీప్లేగెయిన్ (దాంట్ల లెవెలింగ్ పేరు) సోర్స్ మోడ్‌ను 'ఆల్బమ్' చేసి, ప్రాసెసింగ్‌ల క్లిప్పింగ్ ఆపే ఎంపిక తీసుకోండ్రి, ఔట్‌పుట్ ఫార్మాట్ 24 బిట్ పెట్టుండ్రి.