నేలవేము సారం: కణాలు చస్తున్నా, బతికున్న కణాలను కొలిచే ఎంటీటీ పరీక్ష 130 శాతం చూపిస్తోంది

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. పలాస వైపు నుంచి తెచ్చిన నేలవేము ఆకు నీడలో ఆరబెట్టి ఇథనాల్‌తో సారం తీశాను. యాంటీఆక్సిడెంట్ గుణం చూసే డీపీపీహెచ్ పరీక్షలో 517 నానోమీటర్ల దగ్గర రంగు బాగానే తగ్గింది, అక్కడ ఇబ్బంది లేదు.

సమస్యంతా కణాలతోనే. రా 264.7 కణాలకు (ఎలుక రోగనిరోధక కణాలు) సారం ఇచ్చి, గంట తర్వాత వాపు పుట్టించే ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొర పదార్థం) మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము చొప్పున వేసి 24 గంటలు ఉంచితే, సారం 200 మైక్రోగ్రాములున్న వెల్స్‌లో (ప్లేటు గుంటల్లో) వాపుకు గుర్తుగా కొలిచే నైట్రైట్ సగానికి పడిపోయింది. చాలా సంతోషించాను. కానీ అదే మోతాదులో ఎంటీటీ (బతికున్న కణాలు దీన్ని ఊదారంగుకు తిప్పుతాయి) సారం ఇవ్వని కణాలతో పోలిస్తే 130 శాతం చూపిస్తోంది, మైక్రోస్కోపులో మాత్రం కణాలు ముడుచుకుపోయి, ఊడి తేలుతున్నాయి. సారం కరిగించడానికి వాడిన డీఎంఎస్‌ఓ అన్నింట్లో 0.1 శాతమే.

కణాలు లేని వెల్‌లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూశా, అదీ ఊదారంగుకు తిరిగింది, అంటే కణాలతో పని లేకుండా సారమే ఎంటీటీని రసాయనికంగా రెడ్యూస్ చేసి రంగు మారుస్తోందన్నమాట. ఎంటీటీకి ముందు పీబీఎస్ ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడిగితే 115కి దిగింది గానీ కణాలు కూడా కొట్టుకుపోయాయి.

ఊళ్లో జ్వరమొస్తే నమ్మకంగా తాగే మొక్క ఇది, కణాలు చావడం వల్ల తగ్గిన నైట్రైట్‌ని వాపు తగ్గించే గుణమని రాయలేను. న్యూట్రల్ రెడ్ (బతికున్న కణాలు పీల్చుకునే రంగు), ఎల్‌డీహెచ్ (చచ్చిన కణాల నుంచి బయటికి కారే ఎంజైము) పరీక్షల్లో ఒక్కదానికే డబ్బులున్నాయి. మొక్కల సారాలతో పనిచేసినవాళ్లు చెప్పండి, ఇలాంటి సారానికి ఈ రెండింటిలో ఏది నమ్మొచ్చు?