ఇంట్లో కట్టుకున్న పడవలో రాత్రి వేట: వెళ్ళొచ్చా, వద్దా?

సామర్లకోట వడ్రంగి
అందరికీ నమస్తే. మాది ఫర్నిచర్ పని. ప్లైవుడ్, ఎపాక్సీ జిగురు రోజూ చేతిలో ఉండేవే. షాపు వెనక ఖాళీ జాగాలో 18 అడుగుల పడవ కట్టుకుందామని ఎప్పటినుంచో ఆశ. అడుగు చదునుగా, ముందు వైపు ఇద్దరు కాళ్ళు చాపుకుని పడుకునే గూడు, మీద టార్పాలిన్. శనివారం సాయంత్రం కోరంగి ఏట్లో దిగి, కాకినాడ అఖాతంలో హోప్ ఐలాండ్ లోపలి వైపు లంగరేసి, రాత్రంతా గాలాలు వేసుకుని, పడవలోనే వండుకుని తిని పడుకుని, ఆదివారం మధ్యాహ్నానికి ఇంటికి రావాలని ప్లాన్. మా ఆవిడ ఒప్పుకుంది. తాళ్ళరేవులో ఉండే మా బామ్మర్ది మాత్రం ససేమిరా అంటున్నాడు. వాళ్ళది తరతరాలుగా వేట. "పాత ఫైబర్ బోటు కొనుక్కో బావా, వస్తాను. చెక్కపెట్టె కట్టి అందులో పడుకుంటానంటే మాత్రం నేను రాను" అని తెగేసి చెప్పాడు. ఎవరి మాట వినాలి?

ఉప్పాడ అబ్బాయి
మీ బామ్మర్ది మాటే వినండి. మా తాత దుంగల తెప్ప మీద వెళ్ళేవాడు. అది బోల్తా పడినా మునగదు, తిరగేసి మళ్ళీ ఎక్కొచ్చు. ఒడ్డుకు రాగానే తాళ్ళు విప్పి దుంగలు ఎండబెట్టేవాళ్ళు, లేకపోతే నీళ్ళు పీల్చి బరువెక్కేవి. ఇప్పుడు మా నాన్నది ఫైబర్ తెప్ప. దాని కడుపు నిండా ఫోమ్. కెరటం కొట్టి నిండిపోయినా పైనే ఉంటుంది. మీ ప్లైవుడ్ పెట్టెకు రంధ్రం పడితే దేన్ని పట్టుకుంటారు? ఫర్నిచర్ పని వేరు, సముద్రం వేరు. బీరువా తలుపు బిగుసుకుంటే రంద పట్టొచ్చు, అఖాతం మధ్యలో రంద పట్టుకుని ఏం చేస్తారు?

కోరంగి మేస్త్రి
తమ్ముడూ, ప్లైవుడ్‌ను అంత తీసిపారేయకు. దక్షిణ కేరళలో, కన్యాకుమారి వైపు జాలర్లు 1980ల నుంచీ ప్లైవుడ్ పడవల మీద వేటకు వెళ్తున్నారు. దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్య వాళ్ళు సొంత యార్డులు పెట్టి కట్టించారు. పలకల అంచుల్లో రంధ్రాలు చేసి, తీగతో కుట్టి, లోపల ఎపాక్సీ, ఫైబర్ గుడ్డ వేసే పద్ధతి. అలలు పెద్దగా ఉండే తీరం అది, మీ ఉప్పాడకు ఏమీ తీసిపోదు.

వడ్రంగి గారూ, మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. ప్లై మీద ఐఎస్ 710 ముద్ర, అంటే మెరైన్ ప్లై ప్రమాణం ముద్ర, ఉండాలి. ముద్ర ఉందని ఊరుకోకుండా ఒక ముక్క కోసి కుండలో కొన్ని గంటలు ఉడకబెట్టి చూడండి, పొర విడిపోతే షాపువాడికి తిరిగి ఇచ్చేయండి. అంచులే ప్లైకి చావు. కోసిన ప్రతి అంచుకూ, కొట్టిన ప్రతి బోల్టు రంధ్రానికీ లోపల దాకా ఎపాక్సీ తాగించాలి. చవగ్గా వస్తుందని పాలిస్టర్ రెజిన్ వాడారో, రెండో ఏడు గుడ్డ అట్టలా ఊడివస్తుంది. ఉప్పునీళ్ళలో చెక్కను తొలిచే పురుగు సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. వెనకటికి గుగ్గిలం, సొర నూనె పూసేవాళ్ళం. మీది వారాంతపు పడవ, పని అవగానే ట్రాలీ మీద ఇంటికి లాక్కుపోతే ఆ బెడద సగం తగ్గుతుంది.

మునగడం గురించి అబ్బాయి అన్నదాంట్లో నిజం ఉంది. కానీ ఫోమ్ ఫైబర్ బోటుకే రాసిపెట్టి లేదుగా! ఇంజను, సామాను, ముగ్గురు మనుషులు కలిపి 400 కేజీలు అనుకున్నా అర ఘనపు మీటరు ఫోమ్ చాలు. చెక్క ఎలాగూ తనంతట తానే తేలుతుంది. బల్లల కింద, రెండు పక్కలా పైఅంచు దగ్గర నింపండి. అంతా అడుగున నింపితే పడవ తిరగబడి అలాగే ఉండిపోతుంది. థర్మోకోల్ మాత్రం వద్దు. పెట్రోలు ఒలికితే కరిగి జిగురైపోతుంది. నింపాననుకున్న చోట ఖాళీ ఉంటుంది, మీకు తెలియదు కూడా. పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ పోయించండి.

వైజాగ్ సరంగు
చెక్కా ఫైబరా అని మీరు మీరు తేల్చుకోండి. నా భయం ఒక్కటే. కాకినాడలో ఓడలు దూరంగా లంగరేసి ఉంటాయి, సరుకు బార్జిల (చదునైన సరుకు పడవల) మీద వెళ్తుంది. ఆ బార్జిలు రాత్రిపూట కూడా తిరుగుతాయి. సరుకుతో వచ్చే బార్జి మీద నిలబడినవాడికి 18 అడుగుల పడవ ఆనదు. నాలుగు వైపులా కనబడే తెల్ల దీపం ఎత్తుగా కట్టాలి, అది తెల్లవార్లూ వెలగాలి. ఇద్దరూ ఒకేసారి పడుకోవడం కుదరదు. ఒకడు పడుకుంటే ఒకడు మేలుకోవాలి. ఇది ఒప్పుకునే స్నేహితుడుంటేనే వెళ్ళండి.

మత్స్యశాఖ మాజీ
నేను వద్దనను, కాగితాల సంగతి మాత్రం చెబుతాను. ఇంజను పెట్టి వేటాడే పడవకు రిజిస్ట్రేషన్ కావాలి. ఇంట్లో కట్టుకున్నదని మినహాయింపు ఏమీ లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం, ఇంజను ఉన్న చిన్న పడవకూ వర్తిస్తుంది. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ జాలర్లకు వదిలిన జాగా. సరదా కోసం వచ్చి వాళ్ళ వలల మధ్య లంగరేస్తే గొడవ తప్పదు, తప్పు మీదే అవుతుంది కూడా. ఇక మడ అడవి వైపు కోరంగి అభయారణ్యం 1978 నుంచీ ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ పాయల్లో రాత్రి బస కుదరదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే నెలల్లో ఒడ్డున మంట వేయడం, లైట్లు కొట్టడం మరీ తప్పు.

ఆక్లాండ్ తెలుగు
ఇక్కడ న్యూజిలాండ్‌లో గరాజ్‌లో పడవ కట్టుకుని, కారు వెనక తగిలించుకుని పోయి, రెండు రాత్రులు సముద్రం మీద గడిపి రావడం మామూలు విషయం. సరదా పడవ నడపడానికి లైసెన్సు కూడా అడగరు. అయితే బయలుదేరే ముందు ఎంతమంది, ఎక్కడికి, ఎప్పుడు తిరిగి వస్తారు అని వీహెచ్ఎఫ్ రేడియోలో కోస్ట్‌గార్డుకు చెప్పి వెళ్తాం. మన దగ్గర జాలరి కాని మనిషి పడవ ఎక్కుతానంటే పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారెందుకో అర్థం కాదు.

ఉప్పాడ అబ్బాయి
ఎందుకో చెబుతాను అన్నా. 1996 నవంబరు 6. ఆ రాత్రి కాకినాడ దగ్గర తీరం దాటిన తుఫానుకు వేటకు వెళ్ళినవాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వెళ్ళి అడగండి. నేను అప్పటికి పుట్టలేదు. అయినా మా అమ్మ ఇప్పటికీ గాలి పెరిగితే నాన్నకు ఫోన్ మీద ఫోన్ చేస్తుంది. ఇప్పుడు సముద్రం పరిస్థితి చెప్పే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళ హెచ్చరికలున్నాయి, 1554కి కొడితే కోస్ట్‌గార్డ్ పలుకుతుంది, కాదనను. కానీ మాకు అది కూడు. వెళ్ళక తప్పదు కాబట్టి వెళ్తాం. తప్పించుకునే వీలున్నవాడు కావాలని వెళ్తానంటే మాకు వింతే మరి. పైగా ఏదైనా అయితే వెతకడానికి వచ్చేది కూడా మా బోట్లే.

సామర్లకోట వడ్రంగి
ఆ చివరి మాట నా బామ్మర్ది కూడా అన్నాడు. సరే, సముద్రం పక్కన పెడదాం. పడవలో ఉండటం గురించి ఎవరైనా చెప్పండి. నాకు చేపల కన్నా ఆ రాత్రి మీదే ఎక్కువ మోజు.

ధవళేశ్వరం వాసి
మా ఊళ్ళో బ్యారేజీ దగ్గర పడవల్లోనే కాపురముండే కుటుంబాలను చూస్తూ పెరిగాను. వెదురు బద్దలు వంచి కట్టిన గూడు, మీద టార్పాలిన్. అమరం (పడవ వెనక) వైపు ఇసుక పోసిన రేకు డబ్బా, అందులో పొయ్యి. గాలి అటు నుంచి ఇటు తిరిగితే పొయ్యి ఆర్పేస్తారు, లేదా పడవనే తిప్పుకుంటారు. పొగ గూట్లోకి వస్తే ఎవరూ పడుకోలేరు. బియ్యం డబ్బా, మంచినీళ్ళ డ్రమ్ము, వల, బట్టల మూట, దేని చోటు దానిదే. చీకట్లో తడుముకుంటే చేతికి దొరకాలి. మనం క్యాంపింగ్ అని మురిసిపోయేదంతా వాళ్ళకు ఉదయాన్నే తడి దుప్పట్లు ఆరేసుకునే పని. మంచు కాలంలో టార్పాలిన్ లోపలి వైపు నీళ్ళు బొట్లు బొట్లుగా కారతాయి, ఊపిరి ఆవిరే అదంతా. రెండు వైపులా గాలి ఆడేలా వదలకపోతే ఎండాకాలంలో ఉడికిపోతారు.

ఒకటి గమనించండి. వాళ్ళు ఇంత అనుభవంతోనూ మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దాటరు. నది నదే, సముద్రం సముద్రమే. నదిలోనూ ఎర్రనీరు దిగిందంటే పడవ ఒడ్డుకు కట్టేస్తారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు, వాళ్ళు దానికోసం చూడరు. నీళ్ళ రంగు మారి, చెత్తా దుంగలూ కొట్టుకు రావడం మొదలైతే చాలు.

కోరంగి మేస్త్రి
రాత్రి మీద మోజు అన్నారు కదా, మరి మీ చదును అడుగు గురించి తెలుసుకోండి. అఖాతంలో చిన్న కెరటం వచ్చినా చదును అడుగు కింద దబదబమని కొడుతుంది. తల దానికి జానెడు ఎత్తులో ఉంటుంది. నిద్ర పట్టదు. అదే పాయలో, పాటుకి నీరు తీసేశాక పడవ పర్ర (బురద నేల) మీద కూర్చుంటుంది చూశారా, అప్పుడు చదును అడుగే రాజు. బల్లలా నిలబడుతుంది, అడుగు కోసుగా ఉన్న పడవైతే పక్కకు ఒరిగి మీరు గోడకి జారిపోతారు. కాబట్టి ఎక్కడ పడుకుంటారో ముందు తేల్చుకుని తర్వాత అడుగు గీయండి.

ఇంకోటి. పోటు నీళ్ళున్నప్పుడు చోటు చూసుకుని లంగరేసి పడుకుంటే, తెల్లారి లేచేసరికి చుట్టూ బురదే. మోకాలు దాటి దిగబడుతుంది. ఆరు గంటలు మళ్ళీ పోటు కోసం కూర్చోవాలి. దోమలకు మాత్రం పండగ. అమావాస్య, పౌర్ణమి పోట్లు చూసుకోకుండా ఎవరూ పాయల్లో లంగరేయరు.

వైజాగ్ సరంగు
మేస్త్రి గారు చెప్పింది నిజం. ఇంజను ఏది పెడుతున్నారు?

సామర్లకోట వడ్రంగి
9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే ఇంజను) అనుకుంటున్నాను. బామ్మర్ది పొడవాటి కడ్డీ చివర పంకా ఉండే లాంగ్ టెయిల్ డీజిల్ అంటున్నాడు.

ఉప్పాడ అబ్బాయి
పాయల్లో అయితే లాంగ్ టెయిలే. బురద తగిలితే కడ్డీ ఎత్తేయొచ్చు, పంకాకు వల చుట్టుకున్నా కూర్చున్న చోట నుంచే విడదీయొచ్చు. మోత మాత్రం భరించాలి, చేపలు కాదు, మీ చెవులే పారిపోతాయి. ఏ ఇంజను పెట్టినా గెడ మరచిపోకండి. ఇంజను ఆగాక గెడ వేయడం రానివాడు పాయలో కూడా ప్రయాణికుడే, పడవవాడు కాడు. మీరు కట్టుకోవడానికి నేను అడ్డు చెప్పను. మొగ దాటనంతవరకూ మీ ఇష్టం. హోప్ ఐలాండ్ లోపలైనా ఒంటరి పడవగా వెళ్ళడం మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను.

ఆక్లాండ్ తెలుగు
ఒంటరిగా వద్దన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ "తప్పించుకునే వీలున్నవాడు ఎందుకు వెళ్ళాలి" అన్నది ఒప్పుకోను. ఆ లెక్కన కొండలెక్కేవాళ్ళంతా ఇంట్లోనే కూర్చోవాలి. ఇష్టపడి వెళ్ళేవాడికీ నేర్చుకునే దారి ఉండాలి, అది మన దగ్గర లేదు. ఈత నేర్పేవాళ్ళున్నారు, పడవ నేర్పేవాళ్ళు ఎక్కడ?

ఉప్పాడ అబ్బాయి
మా ఊరు రండి అన్నా, నేర్పుతాం. లైఫ్ జాకెట్ మీరే తెచ్చుకోండి.

సామర్లకోట వడ్రంగి
రాత్రి బామ్మర్దికి ఈ చర్చంతా చదివి వినిపించాను. మేస్త్రి గారి ఫోమ్ లెక్క విని కాసేపు ఆలోచించాడు. మొదటి ఏడాది యానాం పైన గౌతమిలోనే తిరగాలి, వరద నెలల్లో దించకూడదు, అఖాతంలోకి వెళ్ళే రోజు వాడి బోటు పక్కనే ఉండాలి అన్నాడు. రాత్రి కాపలా మొదటి వంతు నాదేనట. చదును అడుగుకే ఓటు వేశాను, పాయల్లోనే పడుకుంటాను కాబట్టి. మేస్త్రి గారూ, ప్లై ఇప్పుడే కొనేయనా, వానలు వెళ్ళాక కొననా?

కోరంగి మేస్త్రి
వానల్లో ఎపాక్సీ ముట్టుకోవద్దు. తేమకు పైన జిడ్డు పొర కడుతుంది, దాని మీద వేసిన రెండో పూత పట్టదు. డిసెంబరులో మొదలుపెట్టండి. ఈలోపు ఉడకబెట్టడానికి ప్లై ముక్క తెచ్చి పెట్టుకోండి.