విండోస్ 10 గడువు అయిపోయింది. గేమ్స్ కోసం లినక్స్‌కి మారాలా, కన్సోల్ కొనాలా?

పాత డెస్క్‌టాప్:

నా దగ్గర ఉన్నది ఏడో తరం ఇంటెల్ ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 గ్రాఫిక్స్ కార్డు. నేను ఆడే గేమ్స్‌కి ఇప్పటికీ చక్కగా సరిపోతోంది. కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పోనీ 11 వేద్దామంటే మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. నాది అందులో లేదు. ఏ రోగమూ లేని మెషీన్‌ని పక్కన పెట్టేయమంటే నాకు మింగుడు పడటం లేదు.

దానికి తోడు ఇంకో సంగతి. కొన్నేళ్ల కిందట డబ్బు పెట్టి కొన్న ఒక గేమ్ సర్వర్లని ఆ కంపెనీ మూసేసింది. నేను ఆన్‌లైన్‌లో ఎవరితోనూ ఆడేవాడిని కాదు, ఒక్కడినే కథ ఆడుకునేవాడిని. అయినా ఇప్పుడు అది తెరుచుకోదు. మొదలవ్వాలంటేనే సర్వర్ కావాలట. సపోర్ట్‌కి రాస్తే, మీరు కొన్నది లైసెన్స్ మాత్రమే అని జవాబు వచ్చింది. అప్పటి నుంచి ఏ గేమ్ కొందామన్నా మనసు ఒప్పడం లేదు.

నేను ఆడేవి కౌంటర్ స్ట్రైక్ 2, విచర్ 3, ఎల్డెన్ రింగ్, అప్పుడప్పుడు స్టార్‌డ్యూ వ్యాలీ. తమ్ముడు ఇదే సిస్టమ్‌లో ఫోర్ట్‌నైట్ ఆడతాడు. వాడి ఫ్రెండ్స్ అందరూ అందులోనే ఉన్నారు.

కొత్త పీసీ ఇప్పట్లో కుదరదు. ఇక మిగిలినవి ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్, లేదా ప్లేస్టేషన్ లాంటి ఏదో ఒక కన్సోల్. లినక్స్ సూపర్ అనేవాళ్లు చాలామంది దొరికారు. దాంతో వచ్చే ఇబ్బందులు కూడా చెప్పేవాళ్లు కావాలి.

టక్స్ మిత్ర:

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి తర్వాత చూద్దాం. మీ లిస్టులో ఫోర్ట్‌నైట్ కనపడగానే అసలు చిక్కు ఎక్కడుందో అర్థమైంది.

మీరు ఆడే నాలుగూ లినక్స్‌లో నడుస్తాయి. కౌంటర్ స్ట్రైక్ 2కీ స్టార్‌డ్యూకీ లినక్స్ వెర్షన్లే ఉన్నాయి. మిగతా రెండూ ప్రోటాన్ మీద నడుస్తాయి. ప్రోటాన్ అంటే వాల్వ్ కంపెనీ 2018లో తన గేమ్స్ స్టోర్ స్టీమ్‌లో పెట్టిన మధ్యవర్తి సాఫ్ట్‌వేర్. విండోస్ కోసం రాసిన గేమ్ అడిగే పనులని లినక్స్‌కి అర్థమయ్యేలా అక్కడికక్కడే మార్చి అందిస్తుంది. వాల్వ్ అమ్మే చేతి గేమింగ్ మెషీన్ స్టీమ్ డెక్ మొత్తం నిలబడింది దీని మీదే.

ఫోర్ట్‌నైట్ మాత్రం లినక్స్‌లో నడవదు. ఇక్కడ నాకు కోపం తెప్పించే విషయం ఒకటి చెప్తాను. ఆన్‌లైన్ గేమ్స్‌లో మోసాలని పట్టుకునే ఈజీ యాంటీ చీట్ అనే సాఫ్ట్‌వేర్ ఫోర్ట్‌నైట్ చేసిన ఎపిక్ కంపెనీ సొంతం. 2021 నుంచి అది ప్రోటాన్ మీద పనిచేసే వీలు ఎపిక్కే కల్పించింది. మీరు ఆడే ఎల్డెన్ రింగ్‌లో ఉన్నదీ అదే యాంటీ చీట్, అందుకే ఆన్‌లైన్‌తో సహా లినక్స్‌లో ఆడగలుగుతున్నాం. తన సొంత గేమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎపిక్ ఆ తలుపు తెరవలేదు. వాలరంట్ అనే గేమ్ ఇంకా కఠినం. దాని యాంటీ చీట్ వాన్‌గార్డ్ విండోస్ బూట్ అయ్యేటప్పుడే సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, కాబట్టి లినక్స్ ఊసే లేదు.

ఈరోజు నడిచేది రేపూ నడుస్తుందన్న హామీ కూడా లేదు. ఏపెక్స్ లెజెండ్స్ లినక్స్‌లో, స్టీమ్ డెక్‌లో చాలాకాలం బాగానే నడిచింది. 2024 చివర్లో దాని కంపెనీ ఈఏ అక్కడ దాన్ని ఆపేసింది. చీట్లు అటునుంచి వస్తున్నాయి, పట్టుకోవడం కష్టంగా ఉంది అన్నది వాళ్లు చెప్పిన కారణం. అదే ఏడాది సెప్టెంబర్‌లో జీటీఏ ఆన్‌లైన్‌కి బ్యాటిల్‌ఐ అనే మరో యాంటీ చీట్ తగిలించారు, లినక్స్‌లో అదీ ఆగిపోయింది. బ్యాటిల్‌ఐకి ప్రోటాన్ సపోర్ట్ ఉంది, గేమ్ కంపెనీ సరే అంటే చాలు. అనలేదు. అందుకే పోటీ ఆన్‌లైన్ గేమే ప్రాణం అనేవాళ్లకి నేను లినక్స్ ఒక్కటే పెట్టుకోమని చెప్పను. ఒక్కరే ఆడుకునే గేమ్స్ ఇష్టపడేవాళ్లకి మాత్రం వెనకాడకుండా చెప్తాను.

ఇప్పుడు మీ కార్డు. దీని గురించి ఎవరూ చెప్పి ఉండరు. 1070 ఎన్‌విడియా పాస్కల్ తరానిది. ఆ తరానికి 580 సిరీసే చివరి డ్రైవర్. లినక్స్‌లో అప్‌డేట్‌తో పాటు అంతకంటే కొత్త డ్రైవర్ దిగితే స్క్రీన్ నల్లగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి రోజుకో కొత్త ప్యాకేజీ తెచ్చే డిస్ట్రోల (లినక్స్ రకాల) జోలికి వెళ్లకండి. లినక్స్ మింట్ 22 వేసుకోండి. అది ఉబుంటు 24.04 మీద కట్టినది, 2029 దాకా అప్‌డేట్స్ వస్తాయి. డ్రైవర్ మేనేజర్ తెరిచి 580 ఎంచుకుని అక్కడే ఉండిపోండి.

రెండోది, విండోస్ గేమ్స్ బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్‌ఎక్స్‌లో 12 మీద నడిచేవి పాస్కల్ కార్డుల్లో లినక్స్‌లో నెమ్మదిస్తాయి. డైరెక్ట్‌ఎక్స్ 11 దాకా లినక్స్ వాడే వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే ఈ కార్డుల మీద బాగా నడుస్తుంది. 12ని మార్చే వీకేడీ3డీ ప్రోటాన్‌కి కావలసిన సదుపాయాలు కొన్ని ఈ తరంలో సరిగా లేవు. విచర్ 3ని లాంచర్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఎంచుకుని ఆడండి, హాయిగా ఉంటుంది. ఎల్డెన్ రింగ్‌లో ఆ దారి లేదు, అది 12 మీదే నడుస్తుంది. విండోస్‌లో వచ్చినన్ని ఫ్రేమ్స్ రావు, సెట్టింగ్స్ తగ్గించుకోవాల్సి వస్తుంది. ఏఎమ్‌డీ కార్డు ఉన్నవాళ్లు లినక్స్ గురించి చెప్పేవన్నీ మీకు వర్తించవు.

ఇవన్నీ చూశాక నా సలహా, రెండూ ఉంచుకోండి. తమ్ముడి కోసం విండోస్ 10 ఉన్న డిస్క్‌ని కదపొద్దు. ఇంకో చిన్న ఎస్ఎస్‌డీ తగిలించి దాని మీద మింట్ వేయండి. విండోస్ 10కి ఈఎస్‌యూ అని అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఉంది. మామూలు వాడుకదారులకి 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకోవాలి.

ఒకే డిస్క్‌ని రెండు ముక్కలు మాత్రం చేయకండి. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ వచ్చి ఎంతోమంది డ్యూయల్ బూట్ సిస్టమ్స్‌లో లినక్స్ లేవకుండా చేసింది. వేరే డిస్కులు ఉన్నా ఇలాంటిది రావచ్చు గానీ, దేని బూట్‌లోడర్ (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) దాని మీదే ఉంటే ఒకదాన్ని ఇంకొకటి చెరిపే ప్రమాదం తగ్గుతుంది.

ఎఫ్ 12:

విండోస్ 11ని ఆ ఐ7 మీద వేయలేమన్నది పూర్తిగా నిజం కాదండీ. ఏడో తరం బోర్డుల్లో చాలావాటికి బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) పీటీటీ అనే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే విండోస్ 11 అడిగే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం వచ్చేస్తుంది. ప్రాసెసర్ చెకింగ్ ఒక్కటే అడ్డు. రూఫస్ అనే ఉచిత టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసుకునేటప్పుడు ఆ చెకింగ్‌ని తీసేయొచ్చు.

కాకపోతే ఇలా వేసిన సిస్టమ్‌కి అప్‌డేట్స్ ఇస్తామన్న మాట మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. నెలనెలా వచ్చేవి వస్తుంటాయి. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం తనంతట తాను రాదు, మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోవాలి. ఫోర్ట్‌నైట్ కోసం ఒక్క సిస్టమే ఉంచుకోవాలనుకుంటే ఈ దారి ఉంది. బ్యాంకు పనులు చేసే సిస్టమ్ అయితే నేను చేయను.

డిస్క్ అభిమాని:

కన్సోల్ గురించి ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి నేను చెప్తాను. తమ్ముడి ఫోర్ట్‌నైట్‌కి కన్సోల్ చాలా మంచి దారి. ఎపిక్ అకౌంట్‌తో లాగిన్ అయితే కొన్న స్కిన్లు అక్కడికీ వస్తాయి. ఆన్‌లైన్‌లో ఆడటానికి ప్లేస్టేషన్ ప్లస్ లాంటి చందా కట్టాలి అని అందరూ భయపెడతారు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్స్‌కి ఆ చందా అక్కర్లేదు. ప్లేస్టేషన్‌లో ముందు నుంచీ అంతే, ఎక్స్‌బాక్స్‌లో 2021 ఏప్రిల్ నుంచి తీసేశారు.

మీకోసం అయితే మాత్రం ఆలోచించండి. కొనేట్టయితే డిస్క్ డ్రైవ్ ఉన్న మోడలే కొనండి. డిస్క్ చేతిలో ఉంటే ఆడాక అమ్మేయొచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు. డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ మోడల్‌లో ఆ కంపెనీ స్టోర్ తప్ప గతి లేదు, ధర వాళ్లు ఎంతంటే అంత. ఆ స్టోర్ కూడా శాశ్వతం కాదు. నింటెండో 2023 మార్చిలో 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ స్టోర్లని మూసేసింది. అప్పటికే కొన్నవి మళ్లీ దించుకోనిచ్చింది గానీ కొత్తగా కొనే వీలు లేదు. డిజిటల్‌గా మాత్రమే వచ్చిన గేమ్స్ చాలా వాటికి అక్కడితో దారి మూసుకుపోయింది. ఇక స్విచ్ 2లో గేమ్ కీ కార్డులు అని వస్తున్నాయి, కార్డు మీద గేమ్ ఉండదు. దాన్ని పెట్టి గేమ్ మొత్తం నెట్ నుంచి దించుకోవాలి. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. డబ్బా కొనేముందు దాని మీద రాసింది చదవండి.

పాత డెస్క్‌టాప్:

అందరికీ థ్యాంక్స్. కార్డు తరం గురించి చెప్పింది చాలా పనికొచ్చింది, లేకపోతే నేరుగా గేమ్స్ కోసం చేసిన బజైట్ అనే డిస్ట్రో దించేసేవాడిని. వేరే ఎస్ఎస్‌డీ తగిలించి మింట్ వేస్తాను. తమ్ముడు విండోస్‌లోనే ఉంటాడు, కన్సోల్ సంగతి తర్వాత ఆలోచిస్తాం.

ఇంకొక్క ప్రశ్న టక్స్ మిత్ర గారికి. ఇకమీదట గేమ్స్ ఎక్కడ కొంటే నాకు మళ్లీ అలా జరగదు? స్టీమ్ ఒక్కటే మంచి కంపెనీ అని అందరూ అంటారు, అక్కడే కొనేయనా?

టక్స్ మిత్ర:

మంచి కంపెనీ అన్న నమ్మకంతో కొనకండి, కంపెనీ లేకపోయినా ఆడగలనా అని చూసి కొనండి. ఆ లెక్కన నా మొదటి ఓటు జీఓజీ అనే గేమ్స్ స్టోర్‌కి. 2008 నుంచి డీఆర్‌ఎమ్ (కాపీ కాకుండా వేసే తాళం) లేకుండా అమ్ముతున్నారు. ప్రతి గేమ్‌కీ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఇస్తారు, దాన్ని మీ హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే రేపు ఆ సైట్ ఉన్నా లేకపోయినా వేసుకోవచ్చు. విచర్ 3, స్టార్‌డ్యూ రెండూ అక్కడ దొరుకుతాయి. లినక్స్‌కి జీఓజీ సొంత యాప్ లేదు. హీరోయిక్ గేమ్స్ లాంచర్ వేసుకుంటే జీఓజీ, ఎపిక్ లైబ్రరీలు రెండూ అందులోనే కనిపిస్తాయి.

స్టీమ్ మీద నాకు గౌరవం ఉంది. ప్రోటాన్ కోడ్ అందరికీ తెరిచి పెట్టారు, రేపు వాల్వ్ మనసు మారినా ఆ పని మన దగ్గర మిగులుతుంది. కానీ స్టీమ్‌లో కొన్నది కూడా లైసెన్సే. కొనేచోట ఆ మాట రాసే ఉంటుంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది, డిజిటల్ సరుకుని కొనండి అని అమ్మేవాళ్లు అది లైసెన్స్ అని స్పష్టంగా చెప్పి తీరాలి. స్టీమ్ 2024 చివర్లోనే ఆ వాక్యం పెట్టేసింది. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8 మీద స్టీమ్‌కి సపోర్ట్ లేదు. ఆ కాలంలో కొన్న గేమ్‌కి ఆ పాత మెషీన్ సరిపోయినా, దాన్ని తెరిచే యాప్‌కి సరిపోకుండా పోయింది. మీ విండోస్ 10 డిస్క్‌కీ ఎప్పుడో ఒకప్పుడు ఆ రోజు వస్తుంది.

మీకు జరిగిన అన్యాయం లాంటిదే 2024 మార్చి 31న ది క్రూ గేమ్ కొన్నవాళ్లందరికీ జరిగింది. యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది, ఒక్కరే ఆడుకునే భాగం కూడా పోయింది. అక్కడి నుంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది. అమ్మకం ఆపినా, సర్వర్ ఆపినా, కొన్నవాళ్లు ఆడుకునే స్థితిలో గేమ్‌ని వదిలి వెళ్లండి అన్నదే వాళ్ల కోరిక. యూరోపియన్ యూనియన్‌లో పెట్టిన అర్జీకి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటాయి. ఇది న్యాయమైన కోరిక, నేను గట్టిగా సమర్థిస్తాను.

కాబట్టి కొనే ముందు రెండు చూడండి. ఒక్కరే ఆడే గేమ్‌కి కూడా నెట్ తప్పనిసరి అని రాసి ఉందా? స్టీమ్ పేజీలో కుడిపక్కన వేరే కంపెనీ అకౌంట్ కావాలని, డెనువో అనే అలాంటి తాళం ఉందని హెచ్చరిక ఉందా? ఉంటే నేను వదిలేస్తాను, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. స్టీమ్‌లో కొని లినక్స్‌లో నచ్చకపోతే, 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ప్రోటాన్ మీద ఒక గేమ్‌ని పరీక్షించడానికి అదే మంచి దారి. కొనకముందే లినక్స్‌లో ఆడినవాళ్లు అనుభవాలు రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో ఆ గేమ్ పేరు కొట్టి, 1070 లాంటి పాస్కల్ కార్డు ఉన్నవాళ్లు రాసినవి వెతికి చదవండి.

మింట్ వేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ పీకేసి ఉంచండి, పొరపాటున దాని మీద రాసే ప్రమాదం ఉండదు. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బయోస్‌లో ఏదైనా మార్చకముందే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. గేమ్స్ ఉన్న ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫార్మాట్) డ్రైవ్‌ని నేరుగా లినక్స్ స్టీమ్‌కి చూపించొద్దు, ప్రోటాన్ దాని మీద మొరాయిస్తుంది. కొత్త ఎస్ఎస్‌డీని ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్) గా ఫార్మాట్ చేసి విచర్ 3ని అందులోకే కొత్తగా దించుకోండి. సేవ్ ఫైల్స్ స్టీమ్ క్లౌడ్‌లో ఉంటే వాటంతట అవే వస్తాయి. లేకపోతే విండోస్ డాక్యుమెంట్స్‌లో ఆ గేమ్ ఫోల్డర్ ఉంటుంది, ముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.