గోడ మొలకు వేలాడిన స్కూటర్ బెల్టును కొత్త బెల్టు అనవచ్చునా?

నయీంనగర్_స్కూటర్:
మా యాక్టివా 24,000 కిలోమీటర్లకు దగ్గరపడింది కనుక, ఇంజిన్ బలాన్ని వెనక చక్రం వైపు అందించే డ్రైవ్ బెల్టు మార్పించాలని వరంగల్‌లోని ఒక దుకాణంలో బెల్టు కొన్నాను. రేకుల కప్పు కింద, గ్రైండింగ్ మిషన్‌కు పైన, గోడ మొలకు గుత్తిగా వేలాడుతున్న బెల్టులలో ఒకటి తీసి, బల్ల కింద ఒక డబ్బా వెతికి అందులో పెట్టి ఇచ్చారు. మా మెకానిక్ అన్న దానిని లోపలి పళ్లు బయటికి వచ్చేలా తిరగేసి మడిచి చూసి, బిగించనని చెప్పాడు. దుకాణం వారేమో అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదన్న బోర్డు చూపించారు. నా కంటికి పగుళ్లేవీ కనిపించడం లేదు. ఈ బెల్టు వాడవచ్చునా?

కాజీపేట_మెకానిక్:
వాడకూడదు. బెల్టు అంటే ఉత్త రబ్బరు కాదు. దాని నడుములో పాలిస్టర్ దారాలో అరమిడ్ దారాలో వరుసగా చుట్టి ఉంటాయి, బండిని లాగే బలమంతా ఆ దారాలదే. గుత్తిగా వేలాడదీసినప్పుడు మొలకు ఆనుకున్న బెల్టు మిగతా వాటి బరువును కూడా ఒకే చోట మోస్తుంది. అక్కడ దారాలు నలిగితే పైకి ఏమీ కనిపించదు, కానీ ఇంజిన్ వైపు ఉండే వేరియేటర్ పుల్లీ మీద చుట్టు తిరిగిన ప్రతిసారీ బెల్టు అదే చోట బలహీనపడుతుంది. నిరుడు ఎండాకాలంలో ఒక గిరాకీ తాను కొనుక్కొచ్చిన బెల్టును, నేను వద్దంటున్నా వినకుండా, నా చేతనే బిగింపించుకున్నాడు. అది ములుగు రోడ్డులో తెగి, తునకలు క్లచ్ చుట్టూ చుట్టుకుపోయాయి. బండిని ఆటోలో వేసుకొచ్చి, బిగించింది నువ్వే కనుక కూలి లేకుండా మళ్లీ బిగించమని నలుగురి ముందు కొట్లాడాడు. ఆ బెల్టు ఏ దుకాణంలో ఎన్నాళ్లు మొలకు వేలాడిందో నాకెలా తెలుస్తుంది?

విడిభాగాల_సేటు:
స్కూటర్ బెల్టు బరువు పావు కిలోకు అటూ ఇటూ ఉంటుంది. అంత తేలిక వస్తువును మొల నలిపేస్తుందనడం నేను ఎక్కడా వినలేదు. పరుగెత్తే బండిలో కవరు లోపల బెల్టు ఎంత వేడి భరిస్తుందో, ముందు పుల్లీ చుట్టూ ఎంత బిగువుగా వంగుతుందో ఒకసారి ఆలోచించండి. గంటల తరబడి దానిని తట్టుకునే బెల్టు మా గోడ మీద చల్లగా వేలాడి పాడవుతుందా? పాడు చేసే పని ఏదైనా ఉంటే అది ఆ మెకానిక్ చేసిందే. బెల్టును తిరగేసి, వీపు లోపలికి పోయేలా మడవకూడదని బెల్టు కంపెనీలే చెబుతాయి, ఎందుకంటే దారాలు విరిగేది ఆ మడతలోనే. తానే మడిచి, తానే పనికిరాదన్నాడు. ఆ బెల్టును నేనైనా వాపసు తీసుకోను.

హంటర్‌రోడ్_రైడర్:
గోడ మీద చల్లగా అన్నారు. రేకుల కింద, మే నెలలో. నమస్కారం.

కాజీపేట_మెకానిక్:
పళ్ల అడుగున పగుళ్లు ఉన్నాయో లేదో చూడాలంటే కొంత వంచక తప్పదు. దానికీ మొలకూ సంబంధం లేదు. మొల సంగతికి జవాబు చెప్పండి.

విడిభాగాల_సేటు:
చెప్పాను. పావు కిలో.

రామగుండం_స్టోర్స్:
నేను రబ్బరు సామాను గోదాంలో స్టోర్‌కీపరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. బెల్టుల నిల్వకు తయారీదారులు పాటించే లెక్క ఒకటి ఉంది. 30 డిగ్రీల లోపు వేడి, 70 శాతం లోపు గాలి తేమ ఉన్న చోట వీ బెల్టు (స్కూటర్‌లో ఉండే రకమే) 8 సంవత్సరాల వరకు నిల్వ ఉన్నా పనితనం తగ్గదు. అక్కడి నుంచి ప్రతి 8 డిగ్రీలకు ఆ గడువు సగమవుతుంది, అంటే 38 డిగ్రీలలో 4 సంవత్సరాలు, 46 డిగ్రీలలో 2 సంవత్సరాలు. 46 దాటిన చోట అసలు పెట్టనే వద్దంటారు. రబ్బరు వస్తువుల నిల్వకు ఐఎస్ఓ 2230 అనే ప్రమాణం ఇంకా కఠినంగా 25 డిగ్రీల లోపు ఉంచమంటుంది, గడువును రబ్బరు రకాన్ని బట్టి విభజిస్తుంది: క్లోరోప్రీన్ రబ్బరుకు 7 సంవత్సరాలు, ఈపీడీఎంకు 10 సంవత్సరాలు.

మొల గురించి మీరిద్దరూ పడుతున్న పట్టుదల నాకు వింతగా ఉంది. పొడవాటి పారిశ్రామిక బెల్టులను సన్నని కొక్కేనికి వేలాడదీయకూడదు, వాటికి లావుపాటి డ్రమ్మో గుండ్రని కొయ్యో కావాలి. స్కూటర్ బెల్టు పొట్టిది, గట్టిది. దానిని ఒంటరిగా కొక్కేనికి తగిలిస్తే పెద్ద హాని లేదు. గుత్తి కట్టి, సుతిలితో బిగించి, ఆ గుత్తిని మొలకు తగిలించడమే తప్పు. ఆ మెకానిక్ పట్టించుకోవలసింది కింద ఉన్న గ్రైండింగ్ మిషన్‌ను. మోటారు కార్బన్ బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వలతోనూ వెల్డింగ్‌తోనూ ఓజోన్ పుడుతుంది, అది సాగదీసి ఉన్న రబ్బరును పట్టి చీలుస్తుంది. వంపు లేని రబ్బరుకు దాని వల్ల పగుళ్లు రావు. అందుకే మడత పడి, ముడి పడి ఉన్న చోటనే మొదటి గీత కనిపిస్తుంది.

విడిభాగాల_సేటు:
స్టోర్స్ సార్ లెక్క ప్రకారమే మా బెల్టులకు ఏ దోషమూ లేదు. ఎండాకాలం మూడు నెలలే, మాఘంలో రాత్రిళ్లు స్వెటర్లు వేసుకుంటాం, సంవత్సరానికి సగటు తీస్తే 28 డిగ్రీల దగ్గర తేలుతుంది. పైగా నడుస్తున్న మోడల్ బెల్టు మా దగ్గర ఒక సంవత్సరం కూడా ఆగదు.

రామగుండం_స్టోర్స్:
సగటు లెక్క ఇక్కడ పనిచేయదు సేటూ. వేడి పెరిగే కొద్దీ పాడయ్యే వేగం రెట్టింపవుతూ పోతుంది కనుక మే నెల చేసిన నష్టాన్ని జనవరి పూడ్చదు. నడుస్తున్న బండిలో వేడిని తట్టుకుంటుందన్న మీ వాదం కూడా అటువంటిదే: బండి నడిచేది రోజుకు గంటా రెండు గంటలు, గోదాంలో వేడి రోజంతా. అయితే ఒక్క సంవత్సరంలో అమ్ముడుపోయే సరుకు విషయంలో మీరు చెప్పింది ఒప్పుకోవలసిందే, రెండు సంవత్సరాల గడువులో కూడా అది భద్రంగానే ఉంటుంది.

పరకాల_కైనెటిక్:
ఏడాదిలో అమ్ముడుపోని సరుకు మాటేమిటి? నా దగ్గర కైనెటిక్ హోండా ఉంది. దానికి ఎప్పుడు బెల్టు అడిగినా దొరికేది పాత నిల్వే, దాని మీద పేరుకున్న దుమ్మును సేటు నా ఎదుటే పాత బనీను గుడ్డతో తుడిచి ఇస్తాడు. నాకు పాత బెల్టు వద్దంటే బండే వద్దనుకోవాలి. బిగించే వాడు వద్దంటే నేనెక్కడికి పోవాలి?

కాజీపేట_మెకానిక్:
నా దగ్గరికి మాత్రం రావద్దు. ఆ బెల్టు నేను బిగించను.

విడిభాగాల_సేటు:
బిగించరు, ఎందుకంటే అందులో మీ కమిషన్ లేదు. మెకానిక్ చీటీ రాసి పంపితే ఆ బెల్టే మంచిది, గిరాకీ తానే కొనుక్కొస్తే అదే బెల్టు మొల బెల్టు అవుతుంది. మీ షెడ్డులో బెల్టులు ఎక్కడ పెడతారో మేం చూడలేదా? పెట్రోలుతో కార్బురేటర్ కడిగే ట్రే పక్కన. పెట్రోలు, ఆయిల్ ఆవిరి రబ్బరును ఉబ్బిస్తుందని మీకు తెలియదా? ముసలి క్లచ్ ఆయిల్ సీల్ కారి, వేరియేటర్ లోపలి అరిగిన రోలర్లు పట్టేసి బెల్టు తెగితే, ఆ పాపం కూడా మా గోడ మొలదే.

కాజీపేట_మెకానిక్:
కమిషన్ తీసుకుంటాను. దాచవలసిన పని లేదు. నేను చీటీ రాసిన బెల్టు తెగితే రెండోసారి కూలి అడగను, రోలర్లు అరిగి ఉంటే కూడా నాదే పూచీ. కవరు విప్పి, పుల్లీలు తుడిచి, బాణం గుర్తు తిరిగే దిక్కుకు చూసి బిగించేసరికి అరపూట పోతుంది. మీరు అమ్మిన బెల్టు తెగితే మీరేం పెట్టుకుంటారు? బోర్డు చూపిస్తారు. ఆ బెల్టు ఎప్పుడు వచ్చిందో మీ పుస్తకంలో ఉంటుంది కదా, బిల్లు మీద ఎందుకు రాయరు?

జనగామ_47:
ప్యాకెట్టు సరుకుల నిబంధనలు 2011 ప్రకారం డబ్బా మీద నెల, సంవత్సరం ఉండాలి కదా. అది చాలదా?

రామగుండం_స్టోర్స్:
కొంతవరకే చాలుతుంది. పాత లేబుళ్లలో అది డబ్బాలో పెట్టిన నెల కావచ్చు, బెల్టు తయారు చేసిన నెల కాకపోవచ్చు. చాలా బెల్టుల వీపు మీద బ్యాచ్ గుర్తు అచ్చు వేసి ఉంటుంది, దానిని కూడా చూడాలి. డబ్బా లేకుండా మొల మీద ఉన్న బెల్టుకైతే ఆ లేబులు ఆధారం కూడా ఉండదు, బెల్టును డబ్బాలోనే ఉంచమనేది అందుకే. వెలుతురు తగలదు, దుమ్ము పట్టదు, వయసు తెలుస్తుంది. డబ్బాలను కూడా ఎత్తుగా పేర్చకూడదు, అడుగు డబ్బాలోని బెల్టు చదునుగా నొక్కుకుపోతుంది. ఏథర్ వంటి ఎలక్ట్రిక్ బండ్లలో పుల్లీ పళ్లతో కలిసి తిరిగే పళ్ల బెల్టుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, వాటిని ఒక్కసారి మడత పెట్టినా దారం విరిగినట్టే అనుకోవాలి.

విడిభాగాల_సేటు:
తేదీ ఎందుకు రాయమో చెబుతాను, వినండి. పది యాక్టివా బెల్టులు కావాలంటే హోల్‌సేల్ వారు వాటితో పాటు ఎవరూ అడగని మోడళ్ల బెల్టులు నాలుగు అంటగడతారు. వాటిని వాపసు తీసుకోరు. నా డబ్బు ఆ నాలుగు బెల్టుల మీద ఇరుక్కుపోతుంది, అవి ఎన్ని ఎండాకాలాలు చూస్తాయో నా చేతిలో లేదు. బిల్లు మీద తేదీ రాస్తే పరకాల అన్న కూడా కొనడు, అప్పుడు ఆ నష్టం నేనొక్కణ్ణే భరించాలి. మెకానిక్ పూచీ పడేది కమిషన్ వచ్చిన బెల్టుకే కదా. తానూ తన బిల్లు మీద రోలర్లు, క్లచ్, సీలు చూశానని రాసి సంతకం పెడితే, నేను తేదీ రాస్తాను.

పరకాల_కైనెటిక్:
తేదీ రాసినా నేను కొంటాను. ధర తగ్గించి అమ్మండి, అంతే. తెలిసి కొనడం వేరు.

కాజీపేట_మెకానిక్:
రాసి సంతకం పెడతాను. కానీ వెంట తెచ్చిన బెల్టు తెగిన నాడు నా రెండో కూలి దుకాణం ఇస్తుందని కూడా సేటు రాయాలి.

విడిభాగాల_సేటు:
అది కుదరదు.

రామగుండం_స్టోర్స్:
నయీంనగర్ వారూ, మీ బెల్టు మీద ఉన్న నంబరూ డబ్బా మీది నంబరూ ఒకటేనా అని చూడండి. ఆ తర్వాత బెల్టును రెండు చేతులతో పట్టి, సహజమైన వంపుకు కొంచెం మించి తెరిచి, పళ్ల అడుగున సన్న గీతలున్నాయేమో పగటి వెలుగులో చూడండి. గోరుతో నొక్కితే గాజులా గట్టిగా అనిపించినా, ఒక చోట మాత్రమే వంపు నిలిచిపోయి ఉన్నా బిగించవద్దు.

నయీంనగర్_స్కూటర్:
గీతలు లేవు. గోరు కొద్దిగా దిగుతోంది. కానీ నంబర్లు వేరుగా ఉన్నాయి. డబ్బా వేరే మోడల్‌ది, దాని మీది సంవత్సరానికీ నా బెల్టుకూ సంబంధం లేదు.

విడిభాగాల_సేటు:
డబ్బా మారితే అది వేరే సంగతి, దానికి బోర్డు వర్తించదు. బిల్లు తీసుకుని వెళ్లి అడగండి, మార్చి ఇవ్వక తప్పదు.

నయీంనగర్_స్కూటర్:
బిల్లు కావాలంటే పన్ను కలపవలసి వస్తుందన్నారు. తీసుకోలేదు.

కాజీపేట_మెకానిక్:
వచ్చే సారి మీ మెకానిక్ చేత చీటీ రాయించుకుని వెళ్లండి.

విడిభాగాల_సేటు:
కమిషన్ అందులోనే కలిసి ఉంటుంది.