వెజ్ పిజ్జా, చికెన్ పిజ్జా ఒకే కట్టర్‌తో కోస్తే ఆ మాట ముందే చెప్పాలా?

ఎయిర్ బైపాస్ రోడ్ వాసి (చర్చ మొదలుపెట్టినది)

మా అమ్మ పలమనేరులో ఉంటుంది. మొన్న దర్శనానికని తిరుపతి వచ్చింది. కొండ దిగిన మర్నాడు సాయంత్రం పాప పట్టుబట్టిందని ముగ్గురం ఇంటికి దగ్గర్లోని ఒక పిజ్జా రెస్టారెంటుకి వెళ్లాం. అమ్మ పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. అందుకే పనీరు, క్యాప్సికం వేసిన పిజ్జా చెప్పాను. ఆర్డర్ తీసుకున్న అబ్బాయి మర్యాదగా మాట్లాడాడు. టేబుల్ శుభ్రంగా ఉంది. పావుగంటలో వేడివేడిగా తెచ్చాడు. అమ్మ రెండు ముక్కలు ఇష్టంగా తిన్నది. మూడో ముక్క అంచున చీజ్‌కి అతుక్కుని ఎర్రగా చిన్న తునక కనిపించింది. పాప చూసి "అమ్మమ్మా, అది చికెన్" అనేసింది.

మేనేజర్‌ని పిలిచి అడిగితే "కట్టర్ ఒకటే మేడమ్, అవెన్ కూడా ఒకటే, అన్నిచోట్లా ఇంతే" అన్నాడు. డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. అమ్మ పల్లెత్తు మాట అనలేదు. వెళ్లి నోరు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఇంటికొచ్చి తలకు పోసుకుని ఆ రాత్రి మజ్జిగ మాత్రం తాగింది. నాకు నిద్ర పట్టలేదు.

రెండూ ఒకే కట్టర్‌తో కోసేటప్పుడు ఆ సంగతి మెనూలోనో గోడ మీదో రాసిపెట్టడం హోటల్ బాధ్యతా, లేక అడిగి తెలుసుకోవడం మా బాధ్యతా? నా మటుకు నాకు అది హోటల్ బాధ్యతే. మీరేమంటారు?

భవానీనగర్ కుర్రాడు

అక్కా, అమ్మగారికి అలా జరగడం బాధగానే ఉంది. కానీ బోర్డు మీద చికెన్ పిజ్జా చూసే కదా లోపలికి వెళ్లారు. బిర్యానీ హోటల్లో పెరుగన్నం తిన్నా ఇంతే. అంత పట్టింపు ఉన్నప్పుడు శాకాహార హోటల్‌కి వెళ్లాలి. మన ఊళ్లో వాటికి కొదవా?

తిలక్ రోడ్ పాతకాపు

అసలు స్వామి పాదాల చెంత ఉన్న ఊళ్లో చికెన్ పిజ్జా అమ్మడమేంటి? ముందు అది ఆపాలి.

ఎయిర్ బైపాస్ రోడ్ వాసి

నేను ఆ మాట అనడం లేదండీ. మద్యం, మాంసం మీద నిషేధం ఉన్నది కొండ మీద, తిరుమలలో. కింద ఊళ్లో రాగిసంగటి, నాటుకోడి పులుసు తినే ఇళ్లు ఎన్ని లేవు? మా అత్తగారిల్లూ అందులో ఒకటే. మా అత్త కోడికూర వండిన రోజు నాకు వేరే గరిటె, వేరే గిన్నె తీసి పెడుతుంది. పెళ్లయిన కొత్తలో నేను అడగక ముందే పెట్టింది. ఇంట్లో ఆమె చేసే పని, డబ్బు తీసుకుని వడ్డించే చోట ఎందుకు చేయరు?

కట్ టేబుల్ దగ్గర మూడేళ్లు చేసినవాడిని

బెంగళూరులో పిజ్జా కిచెన్‌లో పనిచేశాను కాబట్టి లోపల ఎలా ఉంటుందో చెప్తా. పిండి సాగదీసి, సాస్ రాసి, చీజ్ చల్లేదాకా రెండిటికీ ఒకే బల్ల. కూరగాయల డబ్బాలు ఒక పక్క, చికెన్ డబ్బాలు ఇంకో పక్క. చికెన్ ముట్టుకుంటే గ్లౌజు మార్చాలి. తర్వాత అవెన్. మాది బెల్టు అవెన్, ఒక వైపు పెడితే ఆరేడు నిమిషాల్లో కాలి రెండో వైపు వస్తుంది. ఏ పిజ్జా పళ్లెం దానిదే కాబట్టి అక్కడ ఒకదాని ముక్క ఇంకోదాని మీద పడటం తక్కువ.

అసలు తంటా కోసే బల్ల దగ్గర. చికెన్ పిజ్జా మీద దొర్లిన చక్రానికి కరిగిన చీజ్ అంటుతుంది, దాంతోపాటే తునకలు. మా దగ్గర పచ్చ పిడి కట్టర్ వెజ్‌కి, ఎర్ర పిడిది నాన్‌వెజ్‌కి. మామూలు రోజుల్లో ఖచ్చితంగా పాటించేవాళ్లం. ఆదివారం రాత్రి ఇరవై ఆర్డర్లు ఒక్కసారిగా పడితే చేతికి ఏది దొరికితే అది. అబద్ధమెందుకు, నేనూ ఆ పని చేశాను. అప్పట్లో దాని గురించి ఆలోచించలేదు. ఇవాళ ఈ అమ్మగారు నోరు కడుక్కుని వచ్చి కూర్చున్నారని చదువుతుంటే గుండె పట్టేసినట్టుంది. కట్టర్ కొనడం హోటల్‌కి లెక్కలోది కాదు. ఇద్దరుండాల్సిన చోట ఒక్కణ్ణి నిలబెట్టడం వల్లే ఇలా జరుగుతుంది.

చిత్తూరులో చిన్న షాపు నడిపేవాణ్ణి

ఈ తమ్ముడు చెప్పింది నిజం. నేను కట్టర్లు, కోసే బల్లలు వేరు చేశాను. రెండో అవెన్ మాత్రం నా వల్ల కాదు. జాగా లేదు, కరెంటు బిల్లు కట్టలేను. ఇక "ఇక్కడ అవెన్ ఒకటే" అని నేనొక్కణ్ణే బోర్డు పెడితే, పెట్టని పక్క షాపుకి జనం పోతారు. అందరూ పెట్టాలంటే నేను రేపే పెడతాను.

భవానీనగర్ కుర్రాడు

అదే నేననేది. రూలు లేనప్పుడు వాళ్లదేం తప్పు?

లా చదువుతున్నాను

రూలు లేదనకండి. ప్యాకెట్ల మీద చూసే పచ్చ చుక్క, గోధుమ రంగు త్రికోణం వేరే సంగతి. హోటళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, తనిఖీ పట్టిక ఉంది. వెజ్, నాన్‌వెజ్ పదార్థాలు విడివిడిగా ఉంచుతున్నారా అని అందులో చూస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కొనే వస్తువు నాణ్యత, శుద్ధత గురించి తెలుసుకునే హక్కు మనకు రాసి ఉంది. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఆ నంబరుతో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అక్కా, బిల్లు పారేయకండి.

ఇంకో మాట. చీజ్ గురించి కూడా అడగండి. పాలు గడ్డకట్టడానికి వాడే రెన్నెట్ సంప్రదాయంగా దూడ కడుపులోంచి తీసేది. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మెజాన్ చీజ్‌లో ఇప్పటికీ అదే వాడతారు. ఇక్కడ ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే భయం లేదు.

కోర్లగుంట నుంచి

ఇది శాకాహారుల గొడవే అనుకోవద్దు. మేం హలాల్ చూసుకుని తినేవాళ్లం. పెద్ద ఊళ్లలో పంది మాంసం పెపరోనీ కూడా అమ్ముతారు. అలాంటి చోట చికెన్ పిజ్జా తినాలన్నా ఏ కట్టర్‌తో కోశారని అడగాల్సిందే. కిందటేడు మా అబ్బాయిని చూడ్డానికి చెన్నై వెళ్లినప్పుడు ఒక చోట అడిగితే కౌంటర్‌లో పిల్లాడు మొహం చిట్లించాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు నన్నే చూశారు. తినకుండానే వచ్చేశాం. అడగడం మా బాధ్యతే అంటున్నారు, సరే. అలా నలుగురిలో నిలబడి అడగడం ఎంత కష్టమో అడిగినవాళ్లకే తెలుసు. గోడ మీద రాసి ఉంటే ఆ అవస్థ ఉండదు.

భవానీనగర్ కుర్రాడు

అన్నా, ఈ కోణం నాకు తట్టలేదు. శాకాహార హోటల్‌కి పొమ్మన్నంత తేలిగ్గా మీకు చెప్పలేను. పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగాలనే ఇప్పటికీ అంటాను. కానీ కట్టర్ వేరు పెట్టకపోవడం మాత్రం హోటల్ తప్పే, ఒప్పుకుంటున్నా.

ఎయిర్ బైపాస్ రోడ్ వాసి

నిన్న సాయంత్రం నేనొక్కదాన్నే మళ్లీ వెళ్లాను. గొడవ పడలేదు. ఇక్కడ మీరు రాసినవి మేనేజర్‌కి చదివి వినిపించాను, ముఖ్యంగా కట్ టేబుల్ తమ్ముడు రాసింది. ఆయన లోపలికి తీసుకెళ్లి కొత్త కట్టర్ చూపించాడు, పిడికి పచ్చ టేపు చుట్టి ఉంది. బోర్డు సంగతి ఓనర్‌ని అడగాలన్నాడు. వారం చూస్తాను. పెట్టకపోతే యాప్‌లో ఫిర్యాదు పెడతాను, బిల్లు దాచే ఉంచాను.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. ఇదంతా చెప్తే కాసేపు ఊరుకుని, "ఆ బిడ్డను మాత్రం ఏమీ అనొద్దు, చూసి చెప్పింది కాబట్టి సరిపోయింది" అన్నది. ఆ రోజు ఇంటికొస్తూ దారి పొడవునా పాపని కేకలేసింది నేనే.