డబ్బా పాలు పట్టినందుకే ఆటిజం వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండీ, మాది గుంటూరు, బ్రాడీపేట. మా చెల్లెలి బాబుకి రెండేళ్లు నిండబోతున్నాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, మాటలు రాలేదు. సీసా మూతలన్నీ వరసగా పేర్చుకుంటూ గంటల తరబడి కూర్చుంటాడు. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు. అందులో ఒక్క ఆవగింజ నాలుక్కి తగిలినా మొత్తం ఊసేస్తాడు. ఆటిజం అనుమానం ఉంది, పరీక్షలు చేయించమన్నారు డాక్టరుగారు.

చెల్లికి పాలు చాలక మూడో నెల నుంచి డబ్బా పాలు పట్టాం. ఇప్పుడు వాళ్ల అత్తగారు "తల్లిపాలు లేకే పిల్లాడు ఇలా అయ్యాడు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో అంటున్నారు. చెల్లి తిండి మానేసి ఏడుస్తోంది. చూడలేకపోతున్నాను.

నేను చదివినంతలో, తల్లిపాలు తక్కువ తాగిన పిల్లల్లో ఆటిజం కొంత ఎక్కువ కనిపించిందని కొన్ని అధ్యయనాలు ఉన్నాయి గానీ, అదే కారణమని రుజువు కాలేదు. ఆటిజం ఉన్న కొందరు పసివాళ్లకి పాలు తాగడమే కష్టమట. మరి ఏది ముందు, ఏది తర్వాత? అమెరికాలో 2000లో 150 మంది పిల్లల్లో ఒకరికి ఉన్నది, 2022 లెక్కల్లో 31 మందిలో ఒకరైంది. ముందుకన్నా ఎక్కువ మందిని గుర్తించడం అందుకు పెద్ద కారణమంటున్నారు. జన్యువుల పాత్ర కూడా చాలా ఉందట. ఈ మాట వాళ్ల అత్తగారికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

ఇంకొకటి. గోధుమలు, పాలు, పెరుగు మాన్పించమని తెలిసినవాళ్లు సలహా ఇస్తున్నారు. వాడు తినేదే పెరుగన్నం, అదీ తీసేస్తే ఏం పెట్టాలి? ఐరన్ ఎలా అందించాలి? గుంటూరులో గానీ విజయవాడలో గానీ స్పీచ్ థెరపీతో పాటు ఇలాంటి పిల్లలకి తిండి అలవాటు చేయడం నేర్పేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.